చేతులూపితే సరిపోదు: ఆపద సంకేతాలపై అధికారులకు బహిరంగ లేఖ

ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల అధికార యంత్రాంగానికి, విజయవాడ, గుంటూరు, మంగళగిరి-తాడేపల్లి నగరపాలక సంస్థల బాధ్యులకు, పోలీసు, అగ్నిమాపక, విపత్తు స్పందన సిబ్బందికి నమస్కారం.

మేం ఓడల్లో రేడియో ఆఫీసర్లుగా, రైల్వేలో, అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరైన వాళ్లం. మాలో కొందరికి హ్యామ్ రేడియో, అంటే సొంత ఆసక్తితో నడుపుకునే రేడియో, లైసెన్సు ఉంది. ఆపద సంకేతాల విషయంలో రెండు జిల్లాల ప్రజలకూ, సిబ్బందికీ ఒకే పాఠం నేర్పాలని కోరుతూ ఒక కార్యాలయంలో వినతిపత్రం ఇచ్చాం. మళ్లీ వెళ్లి గుర్తు చేశాం. "పరిశీలిస్తాం" అన్న మాట తప్ప కాగితం కదల్లేదు. ఆ కార్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు. ఎవరినో వేలెత్తి చూపడానికి కాదు ఈ లేఖ. వానాకాలం మాత్రం ఫైలు కదిలేదాకా ఆగదు. అందుకే ఇదే విషయాన్ని అందరి ముందూ పెడుతున్నాం.

సంకేతానికి రెండు కొసలుంటాయి. ఒక కొసన పంపేవాడు, రెండో కొసన చూసి, అర్థం చేసుకుని, "చూశాను" అని బదులిచ్చేవాడు. ఇద్దరికీ ఒకే అర్థం తెలిసి ఉండాలి. మన దగ్గర జరుగుతున్నది ఏమిటంటే, బస్సులో బటన్ బిగిస్తాం, ఫోన్లో యాప్ వేయిస్తాం, పడవలో ఈల పెడతాం. రెండో కొస సంగతి ఎవరూ చూడరు.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు వాగు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, కండ్రిక మీద పడినప్పుడు ఇది బాగా బయటపడింది. కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. మేడల మీద నిలబడి జనం చేతులూపుతూనే ఉన్నారు. పైన హెలికాప్టర్లు, డ్రోన్లు, కింద ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) పడవలు తిరిగాయి. ఒక మేడ మీద చెయ్యి ఊపుతున్నది మంచినీళ్ల కోసం. పక్క మేడ మీద ఊపుతున్నది డయాలసిస్ తప్పిపోతున్న మనిషి కోసం. ఆ పక్కన పిల్లలు హెలికాప్టర్ వచ్చిందన్న సంబరంలో ఊపుతున్నారు. పైనున్నవాళ్ల కంటికి మూడూ ఒకటే. సహాయక సిబ్బంది కష్టాన్ని మేం తక్కువ చేయడం లేదు. వాళ్లకు చదవడానికి వీలైన గుర్తు కింద నుంచి అందలేదన్నదే మా బాధ.

1. మేడ మీద నుంచి ఆకాశానికి.

నేల మీద నుంచి విమానాలకు, హెలికాప్టర్లకు చూపే గుర్తులు అంతర్జాతీయంగా ఎప్పుడో ఖరారయ్యాయి. ఇంగ్లీషు అక్షరం 'వి' పరిస్తే సాయం కావాలని అర్థం. 'ఎక్స్' పరిస్తే వైద్య సాయం కావాలని. గీత ఒక్కొక్కటి కనీసం రెండున్నర మీటర్ల పొడవుండాలి. అంతకన్నా చిన్నదైతే పై నుంచి ఆరేసిన గుడ్డలాగే కనిపిస్తుంది.

దీనికి ఏదీ కొననక్కర్లేదు. చీర పొడవు ఐదున్నర మీటర్లు. నిలువునా మూడు మడతలు వేస్తే వెడల్పు నలభై సెంటీమీటర్లకు దగ్గరగా వస్తుంది. దాన్ని సరిగ్గా మధ్యలో వంచి పరిస్తే రెండు చేతులూ 2.75 మీటర్లు. ఒక్క చీరతో కొలత తప్పని 'వి' తయారవుతుంది. 'ఎక్స్' కావాలంటే చీరను సగానికి చించి రెండు ముక్కలనూ ఒకదానికొకటి అడ్డంగా పరవాలి. రెండు పంచెలైనా చాలు.

పొరపాట్లు ఎక్కడ జరుగుతాయో కూడా చెప్పాలి. వెలిసిన సిమెంటు శ్లాబు మీద తెల్ల దుప్పటి కలిసిపోతుంది. ఈమధ్య ఎండ తగలకుండా శ్లాబుకు తెల్ల రంగు వేయిస్తున్నారు, అక్కడైతే అసలు కనిపించదు. ఎరుపు, నారింజ, ముదురు నీలం వాడాలి. నీళ్ల ట్యాంకు నీడలో, మెట్ల గది పక్కన పరవకూడదు. దండెం మీద గుడ్డలు తీసేయాలి. హెలికాప్టర్ కిందికి దిగితే రెక్కల గాలికి చీర ఎగిరిపోతుంది, కాబట్టి అంచుల వెంబడి ఐదారు ఇటుకలు పెట్టాలి. అదే గాలికి వదులుగా ఉన్న రేకులు లేచి మనుషుల మీద పడతాయి. ముందే వాటిని కట్టెయ్యాలి, లేదా జనం దూరంగా కూర్చోవాలి. ఇక అందరూ మరిచిపోయే సంగతి ఒకటుంది. పడవెక్కి వెళ్లిపోయేటప్పుడు ఆ గుర్తును తీసేయాలి. తీయకపోతే ఖాళీ ఇంటి కోసం సిబ్బంది మళ్లీ వస్తారు, ఆ వేళకు ఇంకో ఇంట్లో మనిషి ఎదురుచూస్తుంటాడు.

గుడ్డ లేకపోతే శరీరంతోనే చెప్పవచ్చు. రెండు చేతులూ పైకి చాచి కదలకుండా నిలబడితే "అవును, సాయం కావాలి". ఒక చెయ్యి పైకి, ఇంకో చెయ్యి కిందికి, ఏటవాలుగా పెడితే "అక్కర్లేదు, ముందుకు వెళ్లండి". ఈ రెండోది తెలిసిన ఇల్లు ఒక్కటున్నా, ఆ మిగిలిన నిమిషాలు ఇంకో ఇంటికి దక్కుతాయి. ఒంటి చెయ్యి ఊపడం పలకరింపు మాత్రమే.

శ్లాబు మీద పరిచింది సందులో పడవ మీదున్నవాళ్లకు కనపడదు. అందుకు అంతర్జాతీయ నియమం ఏదీ లేదు, ఇది మా ప్రతిపాదన: పిట్టగోడ మీద నుంచి ఎర్ర గుడ్డ వేలాడదీస్తే ఆ ఇంట్లో రోగి గానీ, నిండు గర్భిణి గానీ, నడవలేని వృద్ధులు గానీ ఉన్నారని రెండు జిల్లాల్లోనూ ఒప్పందం చేసుకుందాం. నీళ్లు, అన్నం కోసం ఇంకే రంగైనా సరే, ఎరుపు మాత్రం వాడకూడదు.

అడుగుతున్నది: ప్రతి వార్డు, గ్రామ సచివాలయం గోడ మీద 'వి', 'ఎక్స్', చేతులతో చూపే రెండు గుర్తులు, ఈ నాలుగు బొమ్మలు పెయింటుతో వేయించండి. పాఠశాలల, సచివాలయాల శ్లాబుల మీద వార్డు నంబరును రెండు మీటర్ల అంకెలతో రాయించండి. నీళ్లు నిండిన కాలనీ పై నుంచి చూస్తే వీధులన్నీ ఒకేలా ఉంటాయి. ఆ అంకె ఒక్కటే పైలట్‌కు తానెక్కడున్నాడో చెబుతుంది.

2. చీకట్లో వెలుగు, చప్పుడు.

ఎస్‌ఓఎస్ అనే ఆపద సంకేతం 1906 బెర్లిన్ రేడియో ఒప్పందంలో ఖాయమై, 1908 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. పొట్టి, పొడుగు సంకేతాలతో సందేశం పంపే మోర్స్ పద్ధతి ఓడల్లో పోయినా ఇది పోలేదు, ఎందుకంటే టార్చి, ఈల, కంచం, దేనితోనైనా పంపవచ్చు. మూడు పొట్టి, మూడు పొడుగు, మూడు పొట్టి. పొడుగు అంటే పొట్టికి మూడింతలు. మనసులో "ఒకటి" అనుకున్నంతసేపు వెలిగిస్తే పొట్టి, "ఒకటి రెండు మూడు" అనుకున్నంతసేపు వెలిగిస్తే పొడుగు. తొమ్మిదీ ఏకబిగిన పంపాలి. తొమ్మిదయ్యాక కాస్త ఆగి మళ్లీ.

ఎక్కువమంది చేసే తప్పు ఆగకపోవడం. టార్చిని గంటసేపు గిరగిరా తిప్పుతూ ఉంటే అది వీధి దీపమో, ఎవరో నడిచిపోతున్నారో అనిపిస్తుంది. కొండలెక్కేవాళ్ల సంకేతంలో దీనికి పద్ధతి ఉంది: నిమిషానికి ఆరుసార్లు వెలుగు లేదా ఈల, తర్వాత ఒక నిమిషం నిశ్శబ్దం, మళ్లీ ఆరు. బదులిచ్చేవాళ్లు నిమిషానికి మూడుసార్లు ఇస్తారు. మధ్యలో ఆ నిశ్శబ్దం బదులు వినడానికే. అది లేకపోతే పడవవాడు కేకేసినా మన చప్పుడులోనే పోతుంది.

ఇంతా గుర్తుండకపోతే మూడుమూడుగా కొట్టండి. స్టీలు కంచం మీద గరిటెతో మూడు దెబ్బలు, విరామం, మళ్లీ మూడు. ప్రకృతిలో చప్పుళ్లు సాధారణంగా ఇలా సమంగా మూడుమూడుగా మోగవు, కాబట్టి వినేవాడి చెవి దాన్ని పట్టుకుంటుంది. లోపల గోళీ ఉండే ఈల తడిస్తే గొంతు పోతుంది. గోళీ లేని ప్లాస్టిక్ ఈల కొనుక్కోవాలి. లేజర్ లైటును హెలికాప్టర్ మీదికి ఎప్పుడూ వేయకండి, పైలట్ కళ్లు బైర్లు కమ్ముతాయి. పగలైతే సీడీ గానీ, మెరిసే కంచం గానీ ఎండకు పట్టి ఆ మెరుపును వాళ్లవైపు తిప్పితే దూరం నుంచి కూడా కనిపిస్తుంది.

అడుగుతున్నది: పడవ సిబ్బంది ప్రతి సంకేతానికీ మూడు ఈలలతో బదులివ్వాలన్న నియమం పెట్టండి. బదులు వినిపించిన కుటుంబం నీళ్లలోకి దిగదు. వినిపించని కుటుంబం మెడలోతు నీళ్లలో నడవడానికి సిద్ధపడుతుంది. ప్రాణాలు పోయేది అక్కడే.

3. ఫోను, అత్యవసర నంబరు 112.

2017 నుంచి దేశంలో అమ్మే ఫోన్లలో పానిక్ బటన్ ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. బటన్ల ఫోన్లో 5 గానీ 9 గానీ నొక్కి పట్టుకోవాలి, స్మార్ట్ ఫోన్లో పవర్ బటన్ వెంటవెంటనే మూడుసార్లు నొక్కాలి. ఇప్పుడొస్తున్న కొన్ని ఫోన్లలో అది ఐదుసార్లు అయింది, కొన్నింట్లో సెట్టింగుల్లో ఆపేసి ఉంటుంది. కాబట్టి ఇంట్లో ప్రతి ఫోన్లోనూ ఎమర్జెన్సీ సెట్టింగ్ ముందే తెరిచి చూసుకోవాలి.

పొరపాటున 112కు వెళ్లిపోతే భయపడి కట్ చేస్తున్నారు. అలా చేయకండి. లైన్లో ఉండి "పొరపాటున వచ్చింది, ఇబ్బందేం లేదు" అనండి. కట్ చేస్తే వాళ్లు తిరిగి చేస్తారు, ఆపదేమోనని వెతుకుతారు.

కాల్ కలిస్తే మొదట చెప్పాల్సింది ఎక్కడున్నారో. ఏమైందో తర్వాత. "మా నాన్నకు గుండెనొప్పి అండీ" అని మొదలుపెట్టి మధ్యలో లైను తెగితే అంబులెన్సు ఎక్కడికి రావాలి? పేట, వీధి, డోర్ నంబరు, దగ్గర్లో గుడి గానీ, స్కూలు గానీ, ట్రాన్స్‌ఫార్మర్ గానీ. ఆ తర్వాత ఏమైంది, ఎంతమంది, నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయి. టవర్ బలహీనంగా ఉంటే కాల్ పోకపోయినా ఎస్ఎంఎస్ పోవచ్చు. సిగ్నల్ అసలు లేకపోతే ఫోను టవర్ కోసం వెతుకుతూ బ్యాటరీ తాగేస్తుంది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి గంటకోసారి తీసి చూడాలి. తెర మీద ఎమర్జెన్సీ కాల్స్ మాత్రమే అని కనపడితే మీ కంపెనీ టవర్ లేదు గానీ ఇంకో కంపెనీది అందుతోందని అర్థం. అప్పుడు 112 ప్రయత్నించండి.

4. కృష్ణమ్మ మీద.

2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర, పవిత్ర సంగమానికి చేరువలో పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా చనిపోయారు. అప్పటి నుంచి లైఫ్ జాకెట్ల మాట వినిపిస్తోంది, మంచిదే. జాకెట్‌కు ఈల ఉందా, దాన్ని ఎలా ఊదాలో ఎక్కేముందు చెబుతున్నారా అన్నది ఎవరూ అడగరు. భవానీ ద్వీపానికి వెళ్లే ప్రతి పడవలో కనీసం రెండు ఎర్ర చేతి ఫ్లేర్లు (చేత్తో పట్టుకుని వెలిగించే ఎర్ర మంట గొట్టాలు), ఒక నారింజ పొగ డబ్బా ఉండాలని కోరుతున్నాం. ఓడల్లో వాడే ప్రమాణం ప్రకారం చేతి ఫ్లేరు ఒక నిమిషం వెలుగుతుంది. నారింజ పొగ మూడు నిమిషాలు వస్తుంది. పొగ పగటికి, ఫ్లేరు రాత్రికి. ఫ్లేరు వెలిగించేటప్పుడు గాలి పోయే వైపు, పడవ బయటికి, చెయ్యి చాచి పట్టుకోవాలి. గాలికి ఎదురుగా పట్టుకుంటే నిప్పురవ్వలు మనుషుల మీదా, డీజిల్ మీదా పడతాయి. ఆకాశంలోకి పేల్చే ఎర్ర వెలుగు పారాచూట్ రాకెట్ 300 మీటర్ల ఎత్తుకు పోతుంది. హెలికాప్టర్ దగ్గరికి వచ్చాక దాన్ని పేల్చకూడదు. సాధారణంగా వీటి గడువు మూడేళ్లు. చెమ్మలో పడి ఉన్న పాత సరుకు పెట్టెలో నంబరు లెక్కకు పనికొస్తుంది, ఆపదలో వెలగదు.

నిజాంపట్నం, సూర్యలంక మత్స్యకారులు ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్నా, పాత గుంటూరు జిల్లా సోదరులే. వాళ్లకు ఇక్కడివారికన్నా మంచి ఏర్పాటే ఉంది: ఆపద పిలుపులకు వాడే వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానల్, కోస్ట్ గార్డ్ నంబరు 1554, ఇస్రో తయారుచేసిన ఆపద సందేశ పరికరం. ఆ పరికరం కొత్త తరంలో "మీ సందేశం అందింది" అని పడవకు బదులు కూడా వస్తుంది. సముద్రంలో సాధ్యమైన ఆ బదులు నగరం నడిబొడ్డున నదిలో ఎందుకు సాధ్యం కాదు? నది పడవలకు రేడియో ఇచ్చి, దాన్ని వినే మనిషిని ఘాట్ దగ్గర కూర్చోబెట్టకపోతే ఆ రేడియో బరువు తప్ప మరేమీ కాదు. ముందు వినే మనిషిని పెట్టండి.

5. బ్యారేజీ హెచ్చరికలు.

ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక, 5.69 లక్షలకు రెండో హెచ్చరిక. 2024 సెప్టెంబరులో వచ్చింది 11.43 లక్షలు. ఈ అంకెలు టీవీలో కింద పరుగెడతాయి. కృష్ణలంకలో, రాణిగారితోటలో, తాడేపల్లి ఒడ్డున ఉన్న ఇల్లాలికి "రెండో హెచ్చరిక" అంటే సామాను పైకి ఎత్తాలా, పిల్లల్ని తీసుకుని బయల్దేరాలా అన్నది ఎవరు చెప్పారు? క్యూసెక్కు అంటే ఎంతో ఆమెకు తెలియాల్సిన అవసరం లేదు. ఏ హెచ్చరికకు ఏం చెయ్యాలో, ఏ స్కూలుకు వెళ్లాలో తెలియాలి.

సైరన్‌కూ ఇదే వర్తిస్తుంది. పౌర రక్షణ సైరన్లలో పద్ధతి ఉంది: పైకీ కిందికీ ఊగుతూ మోగితే ప్రమాదం, ఒకే స్థాయిలో మోగితే ప్రమాదం తప్పింది. వరదకూ అదే వాడండి. రెండు మోతలనూ మే నెలలో ముందే ప్రకటించి, పగటిపూట ఒకసారి వినిపించండి. ఎన్నడూ వినని మోత అర్ధరాత్రి వినిపిస్తే జనం కిటికీలోంచి చూస్తూ నిలబడిపోతారు.

6. రోడ్డు మీద.

విజయవాడ-గుంటూరు హైవే మీద హజార్డ్ లైట్ల వాడకం చూస్తే బాధేస్తుంది. నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగితే "నా బండి ఆగిపోయింది, లేదా అడ్డంగా ఉంది" అని అర్థం. బెంజి సర్కిల్ దగ్గర నేరుగా పోవడానికి అవి వేస్తున్నారు. పక్క నుంచి వచ్చే స్కూటర్ మీదున్న మనిషికి ఒక వైపు లైటు మాత్రమే కనపడుతుంది, కారు తనవైపు తిరుగుతోందనుకుంటాడు. వానలో వేసుకుని పోయేవాళ్లు ఇంకో రకం. వెనకవాళ్లకు ముందు కారు నడుస్తోందో ఆగిందో తెలియదు, నిజంగా ఇండికేటర్ వేయాల్సి వస్తే అది కూడా కనపడదు. మంగళగిరి దాటాక చీకట్లో లారీ ఆగిపోతే హజార్డ్ వేసి, వెనక బాగా దూరంలో మెరిసే త్రికోణం పెట్టాలి, హైవే సహాయ నంబరు 1033కు ఫోన్ చేయాలి. రాళ్లూ చెట్టు కొమ్మలూ పెడుతున్నారు. బండి తీశాక ఆ రాళ్లు అక్కడే ఉంటాయి, తర్వాత వచ్చే బైకు వాటి మీద పడుతుంది.

అంబులెన్సుకు దారి ఇవ్వకపోతే మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం 10,000 రూపాయల జరిమానా. చట్టం ఉంది. కానీ సైరన్ లాంటి హారన్లు బిగించుకున్న ప్రైవేటు కార్ల మీద చర్య లేకపోతే జనం సైరన్‌ను నమ్మడం మానేస్తారు, నష్టపోయేది లోపల పడుకున్న రోగి. ఆ హారన్లు పీకేయించండి.

బస్సుల్లో ఆపదలో నొక్కే ఎర్ర బటన్లు ఉన్నాయి. నొక్కితే ఎక్కడ మోగుతుంది, ఎవరు ఎత్తుతారు? డిపోలో నెలకోసారి ప్రతి బస్సు బటన్ నొక్కి, బదులు రావడానికి ఎంతసేపు పట్టిందో రాసి, నోటీసు బోర్డు మీద పెట్టండి.

7. పట్టాల దగ్గర.

విజయవాడలో రైలు పట్టాల పక్కనే బతికే కాలనీలు చాలా. పట్టా విరిగినా, చెట్టు పడినా మొదట చూసేది వాళ్లే. రైలు ఆపాలంటే పగలు రెండు చేతులూ తల పైకి ఎత్తి నిలబడాలి, లేదా ఎర్ర గుడ్డను గట్టిగా ఊపాలి. రాత్రి ఎర్ర లైటు, అది లేకపోతే ఏ లైటైనా జోరుగా ఊపాలి. పట్టాల మీద నిలబడకూడదు, పక్కన ఉండాలి. అడ్డంకి దగ్గరే ఊపితే లాభం లేదు, వేగంగా వచ్చే రైలు ఆగడానికి కిలోమీటరు దాకా పడుతుంది. రైల్వే సిబ్బంది, చక్రం కింద పేలి డ్రైవర్‌ను హెచ్చరించే డిటోనేటర్లను అడ్డంకికి 600 మీటర్ల దగ్గర ఒకటి, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంతో మూడు పెట్టేది అందుకే. దగ్గర్లో గేటు ఉంటే గేట్‌మన్‌కు, లేదంటే రైల్వే సహాయ నంబరు 139కు చెప్పాలి. రైల్వే పోలీసులు ఆ కాలనీల్లో ఒక్క సాయంత్రం ఇది చూపిస్తే చాలు.

8. మాట్లాడలేని ఆపద.

అరచేయి ఎదుటివాళ్లకు చూపి, బొటనవేలు లోపలికి మడిచి, మిగతా నాలుగు వేళ్లు దాని మీదికి మూయడం. 2020లో కెనడాలో మొదలైన ఈ గుర్తుకు "నేను ఆపదలో ఉన్నాను, బయటికి చెప్పలేను" అని అర్థం. వీడియో కాల్లోనూ, ఆటో అద్దంలోంచీ చూపవచ్చు. కాలేజీ అమ్మాయిలకు చాలామందికి ఇది తెలుసు. ఆటో డ్రైవర్లకు, మెడికల్ షాపులవాళ్లకు, బస్సు కండక్టర్లకు తెలియదు. చూసినవాళ్లు అక్కడే గొడవపడకుండా, ఆమెను ఒంటరిగా వదలకుండా 112కు చెప్పాలి. ఈ శిక్షణ ఆటో స్టాండ్ల నుంచే మొదలుపెట్టండి.

9. దొంగ సంకేతాలు.

నాన్నా పులి కథ మనందరికీ తెలుసు. ఆపద లేకుండా ఆపద సంకేతం వాడడం సముద్రంలో నిషేధం. రైల్లో అకారణంగా చైన్ లాగితే రైల్వే చట్టం 141వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు గానీ, వెయ్యి రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. నేర్పితే దుర్వినియోగం పెరుగుతుందని కొందరు అధికారులు అనుమానిస్తున్నారు. దుర్వినియోగం చేసేవాడికి నేర్పాల్సిన పని లేదు, వాడు ఎలాగూ చేస్తాడు. నేర్పకపోవడం వల్ల నోరు కట్టుకుపోయేది నిజంగా అవసరమున్నవాళ్లకే.

ఈ తొమ్మిదింటిలో చాలావాటికి నిధులు అక్కర్లేదు. కావాల్సినవి పెయింటు, ఈలలు, ఒక ఉత్తర్వు, సిబ్బందికి ఒక పూట శిక్షణ. జూన్‌లో వానలు మొదలయ్యేలోగా మొదటి రెండు అంశాలైనా సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట, కృష్ణలంక, తాడేపల్లి సచివాలయాల్లో అమలు చేయాలని కోరుతున్నాం. శిక్షణ ఇచ్చే రోజున పడవ సిబ్బంది, డ్రోన్ నడిపేవాళ్లు, కాలనీ జనం ఒకే చోట ఉండాలి. విడివిడిగా నేర్పితే మళ్లీ రెండు కొసలూ కలవవు. మేం వచ్చి ఉచితంగా నేర్పుతాం. పిలవడానికి తేదీ ఒకటి రాతపూర్వకంగా ఇవ్వండి. కుదరదనుకుంటే ఏ అంశం ఎందుకు కుదరదో, అది కూడా రాతపూర్వకంగానే చెప్పండి.

ఇట్లు,
విజయవాడ, గుంటూరు నివాసులైన రిటైర్డ్ రేడియో, రైల్వే, అగ్నిమాపక ఉద్యోగులు, హ్యామ్ రేడియో లైసెన్సుదారులు